అసలెంత? మార్పెంత?

జర్మనీ పాత కారును బాగుచేసేవారి ధర్మసంకటం

ఇంట్లో నాయనమ్మ నాటి కాసులపేరు వున్నదనుకోండి. దారం చివికిపోయింది. నాలుగైదు కాసులు అరిగి బొమ్మ కనపడటం లేదు. కొక్కెం విరిగింది. కంసాలి వద్దకు తీసుకువెడితే ఆయన రెండు దారులు చెపుతాడు. కొక్కెం అతికి, కొత్త దారం ఎక్కించి, అరిగిన కాసులను అరిగినట్లే వుంచటం ఒకటి. అంతా కరిగించి అమ్మాయి పెళ్లికి పనికివచ్చే కొత్త నెక్లెసు చేయటం రెండవది. మూడో దారి కూడా వున్నది గాని, దానిని ఎవరూ పైకి చెప్పరు. అరిగినవాటి స్థానంలో కొత్త కాసులు పోసి, కాస్త నలుపు పట్టించి, "ఇది నూరేళ్ల నాటి నగ" అని నలుగురికీ చూపటం.

మొదటి పని మరమ్మతు. రెండవది మార్పు. మూడవది మోసం. చెప్పుకోవటానికి ఇంత తేలికే గాని, చేసేటప్పుడు ఒకటి ఎక్కడ ఆగి రెండవది ఎక్కడ మొదలవుతుందో తెలియక తలలు పట్టుకునేవారు లోకంలో ఎందరో వున్నారు. పాత కార్లను జీర్ణోద్ధరణ చేసేవారు వారిలో ముఖ్యులు. అందులోనూ జర్మనీలో పుట్టిన పోర్షే 911 అనే కారు విషయంలో జరిగినంత తర్జనభర్జన మరి దేనిమీదా జరగలేదేమో అనిపిస్తుంది.

"కారు గొడవ మనకెందుకండీ, మన స్కూటరే మూడు నెలలుగా షెడ్డులో పడివున్నది" అని చదువరులు అనవచ్చు. కాని పెద్దలనాటి ఇల్లు, నగ, వీణ, మందసం, ఏదో ఒకటి ప్రతి కుటుంబంలోనూ వుంటుంది. ఏదో ఒకనాడు దానిని బాగుచేయించవలసి వస్తుంది. ఆనాడు అడగవలసిన ప్రశ్నలన్నీ ఈ కారు కథలో వున్నాయి.

కూపే అంటే ఏమిటి?

కూపే అనే మాట మనవాళ్లకు రైలు మొదటి తరగతిలో ఇద్దరు పడుకునే చిన్న గది ద్వారా పరిచయమే. ఫ్రెంచి భాషలో ఆ మాటకు "కత్తిరించినది" అని అర్థం. గుర్రపుబగ్గీల రోజులలో, ఎదురెదురుగా కూర్చునే నిండు బగ్గీలో ఒక వరుస కత్తిరించి చిన్నది చేస్తే అది కూపే అయింది. తరువాత ఆ పేరు కార్లకు వచ్చింది. రెండు తలుపులు, వెనక్కు వాలిన పైకప్పు, ముందు ఇద్దరికి సుఖంగానూ వెనుక ఇద్దరికి ఇరుకుగానూ వుండే కారును కూపే అంటారు.

పోర్షే 911 ఆ జాతికి చెందినది. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరంలోని కార్ఖానా దీనిని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట చూపించింది. రూపం దిద్దిన ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే, సంస్థను స్థాపించిన ఫెర్డినాండ్ పోర్షేకు మనుమడు. ఇంజను వెనుక వుంటుంది. సామాను పెట్టె ముందు వుంటుంది. ఇంజనులో ఆరు సిలిండర్లు పక్కకు మూడు చొప్పున పడుకుని వుంటాయి. తొలి కార్లలో చల్లబరచటానికి నీళ్లు లేవు. పెద్ద పంకా ఒకటి గాలి విసురుతూ వుండేది. మొదటి కారు ఇంజను 1991 సి.సి.; బలం 130 అశ్వశక్తి.

పుట్టినప్పుడు దీని పేరు 901. మూడంకెల పేరులో నడుమ సున్న వుండే హక్కు ఫ్రాన్సు దేశంలో తమదని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పటంతో 1964 ఆఖరున సున్న పోయి ఒకటి వచ్చింది. అప్పటికి 901 పేరు మీద తయారైనవి 82 కార్లు. బారసాల కాకముందే పేరు మారిన ఈ బిడ్డ తరువాత ఎంత పెరిగిందంటే, 2017లో పది లక్షలవ 911 కార్ఖానా గుమ్మం దాటింది.

తయారుచేసినవారే మార్చారు

"కార్ఖానానుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే వుండాలి" అనేది ఒక పక్షం. వినటానికి న్యాయంగానే వుంటుంది. కాని ఎట్లా వచ్చిందని అడిగితే చిక్కు మొదలవుతుంది.

ఇంజను బరువంతా వెనుక వుండటంవల్ల తొలినాటి 911 మలుపులలో వెనుకభాగం విసిరివేసినట్లు పక్కకు జారేది. దీనికి కార్ఖానా వారు మొదట చేసిన వైద్యం ఏమిటో తెలుసునా? ముందు బంపరు లోపల, రెండు కొసలలోనూ, 11 కిలోల చొప్పున పోత ఇనుపదిమ్మలు బిగించారు. తక్కెడలో పాసంగం కట్టినట్లన్నమాట. ఇంత పేరుగన్న ఇంజనీర్లు చేసిన పని ఇదా అని నవ్వు వస్తుంది. కాని వారు అక్కడ ఆగలేదు. 1969 మోడలు వచ్చేసరికి వెనుక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కు జరిపి, ముందు వెనుక చక్రాల నడిమి దూరాన్ని 2211 నుంచి 2268 మిల్లీమీటర్లు చేశారు. దిమ్మలతో పని లేకుండా జబ్బు కుదిరింది.

కార్బ్యురేటర్లదీ అదే కథ. తొలి కార్లకు సోలెక్స్ రకం పెట్టారు. అవి సరిగా కుదరక ఇబ్బంది పెట్టటంతో 1966లో కార్ఖానాయే వెబర్ రకానికి మారింది. అంతకుముందు కారు కొన్న పెద్దమనుషులు చాలామంది, "కొత్తవాళ్లకు మంచివి, మాకు చెడ్డవా?" అని తమ కార్లకు కూడా వెబర్‌లే పెట్టించుకున్నారు.

ఇప్పుడు 1965 నాటి కారు ఒకటి జీర్ణోద్ధరణకు వచ్చిందనుకోండి. దానికి వెబర్ కార్బ్యురేటర్లు వున్నాయి. వాటిని తీసి, ఎక్కడెక్కడో వెతికి, అధికధర పెట్టి సోలెక్స్ తేవాలా? తెస్తే కార్ఖానా విడిచిన రోజునాటి కారు అవుతుంది. తేకపోతే మొదటి యజమాని ఇన్నేళ్లు నడిపిన కారుగా వుంటుంది. రెండూ నిజమే. పుట్టినరోజు రూపం ఒక చరిత్ర. జీవించిన కాలపు రూపం ఇంకొక చరిత్ర. ఈ రెండింటిలో దేనిని కాపాడుతున్నామో ముందుగా తేల్చుకోకుండా పని మొదలుపెట్టేవాడు సగంలో దారి తప్పుతాడు.

తుప్పు చేసే పని

సిద్ధాంతాలు ఎన్ని చెప్పినా రేకు తినే తుప్పు వాదనలకు ఆగదు. చలిదేశాలలో రోడ్లమీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగుభాగంలోని సందులలో చేరి లోపలనుంచి తినేస్తుంది. పోర్షేవారు మొత్తం ఉక్కు చట్రానికి జింకు పూత వేయటం 1976 మోడలుతో మొదలైంది. అంతకుముందు కార్లకు ఆ కవచం లేదు. కాబట్టి పైకి నిగనిగలాడే పాత 911 కింద పడుకుని దీపం వేసి చూస్తే, తలుపుల కింది దూలాలు, అడుగు రేకులు, బ్యాటరీ పెట్టే చోటు జల్లెడలాగా కనిపించటం వింత కాదు.

పుట్టీ పూసి రంగు వేస్తే రెండేళ్లు నడుస్తుంది. అది కొనేవాడి కళ్లకు గంతలు కట్టటం. తుప్పు తిన్న ముక్కను కోసి కొత్త రేకు వెల్డింగు చేస్తే గట్టిగా వుంటుంది. కాని పాత రేకు ఆ మేరకు పోయింది. ఈ ముక్క, ఆ ముక్క అని కోసుకుంటూపోతే చివరకు మిగిలే పాత కారు ఎంత? తాత గొడ్డలికి నాన్న పిడి మార్చి, కొడుకు అలుగు మార్చి, "ఇది మా తాతగారి గొడ్డలి" అన్నట్లు అవుతుంది.

అందుకని ఇటీవలి దశాబ్దాలలో మరొక ఆలోచన బలపడింది. రంగు వెలిసినా, సీటు తోలు పగిలినా, ప్రాణభయం లేనంతవరకు ముట్టుకోకుండా వుంచటమే గొప్ప అని ఈ పక్షంవారు అంటారు. పగిలిన తోలు అరవై ఏళ్లకుగాని తయారు కాదు. దానిని చింపి పారేయటానికి అరగంట చాలు. పోయిన తోలును మళ్లీ ఏ కార్ఖానా నేయలేదు. ఈ మాటలో బలమున్నదని ఎవరైనా ఒప్పుకోవాలి.

57వ నంబరు కారు

సిద్ధాంతం పక్కనపెట్టి జరిగిన కథ ఒకటి చూద్దాం. 2014లో జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలో పాతసామాను వెతికే ఒక టెలివిజన్ బృందానికి ఒక కొట్టంలో రెండు పాత 911 కార్లు కనిపించాయి. వారు స్టుట్‌గార్ట్‌లోని పోర్షే మ్యూజియంకు కబురుపెట్టి, ఇవి ఎంత చేస్తాయని అడిగారు. మ్యూజియంవారు చాసిస్ నంబర్లు చూసి నిర్ఘాంతపోయారు. రెండింటిలో ఒకదాని నంబరు 300057. అంటే పేరు మారకముందు, 1964 అక్టోబరులో తయారైన 901 అన్నమాట. అటువంటి తొలి కారు మ్యూజియం వద్దనే ఒక్కటీ లేదు!

కారు స్థితి మాత్రం చూడతగినట్లుగా లేదు. తుప్పు పూర్తిగా తినేసింది. ముందు మడ్‌గార్డులు లేనేలేవు. అయినా మ్యూజియం దానిని 1,07,000 యూరోలకు కొన్నది. పక్కనున్న రెండో కారుకు 14,500 యూరోలు ఇచ్చింది. రెండూ కొట్టంలో కలిసి పడివున్న పాత కార్లే. ధరలో ఏడు రెట్ల తేడా వచ్చింది ఒక నంబరువల్ల, దాని వెనుక వున్న చరిత్రవల్ల.

ఆ తరువాత మూడేళ్లు పని జరిగింది. రేకుపనికే పన్నెండు నెలలు పట్టింది. తయారుచేసిన సంస్థ గనుక కొత్త రేకులు అచ్చుపోసి బిగించటం వారికి కష్టం కాదు. కాని వారు అట్లా చేయలేదు. వున్న భాగాలను, విరిగిన ముక్కలను కూడా వీలైనంతవరకు నిలుపుకోవాలి. లేనివాటికి అదే కాలంనాటి ఇతర కార్లనుంచి కోసి తెచ్చిన రేకులు వాడాలి అనే నియమం పెట్టుకున్నారు. 2017 డిసెంబరులో ఆ ఎర్రని కారును ప్రజలకు చూపించారు.

ఇది శుద్ధమైన జీర్ణోద్ధరణేనా? కొందరు ఇక్కడ కూడా ప్రశ్న వేస్తారు. కొట్టంలో దొరికిన స్థితికూడా చరిత్రే గదా, దానిని తుడిచివేసి మెరుగులు దిద్దటం న్యాయమా అని. మ్యూజియం చేసిన పనిలో మెచ్చవలసినది ఏమంటే, ఏమి దొరికింది, ఏమి లేదు, ఏమి తెచ్చి అతికారు అన్నది దాచకుండా చెప్పటం. మడ్‌గార్డులు వేరే కారువని వారే చెప్పారు. చూసేవాడు మోసపోయే అవకాశం లేదు.

నంబర్ల జాతకం

పాత కార్లను కొనేవారు మొదట అడిగే మాట నంబర్లు కలిశాయా అని. పెళ్లికి జాతకాలు చూసినట్లే. చాసిస్ మీద ఒక నంబరు చెక్కివుంటుంది. ఇంజను మీద ఇంకొకటి. కార్ఖానా వారు ఆ రోజులలో ఒక్కొక్క కారుకు ఒక్కొక్క కార్డు రాసి వుంచారు. ఏ చాసిస్‌కు ఏ ఇంజను వేశారు, ఏ రంగు పూశారు, అదనంగా ఏమేమి బిగించారు అన్నది అందులో వుంటుంది. అంతకుముందు వచ్చిన 356 మోడలులోనైతే తలుపులకు, బానెట్టుకు కూడా కారు నంబరులోని చివరి అంకెలు ముద్రించేవారు. కార్డులో వున్నదీ కారులో వున్నదీ కలిస్తే జాతకం కుదిరినట్లు.

డబ్బు ఎక్కడ వుంటే జాతకం దిద్దేవాళ్లు కూడా అక్కడ పుడతారు. 1972 అక్టోబరులో ప్యారిస్ ప్రదర్శనలో పోర్షేవారు కరెరా ఆర్.ఎస్. 2.7 అనే కారును చూపించారు. పందెపు నిబంధనల ప్రకారం 500 చేస్తే చాలు. గిరాకీ పెరిగి 1,580 దాకా చేశారు. తేలికైన శరీరం, 210 అశ్వశక్తి, వెనుక మూతమీద బాతుతోకలాగా పైకి లేచిన రెక్క. ఆ తోకకు ఎంత ఖ్యాతి వచ్చిందంటే, మామూలు 911కు కూడా తోక అతికించి, పక్కన అక్షరాలు రాయించుకున్నవారు అసంఖ్యాకులు.

అట్లా చేసుకోవటంలో తప్పులేదు. అది ముచ్చట. "ఇది నకలు, చూడముచ్చటగా వుంటుందని చేయించుకున్నాను" అని చెప్పినంతవరకు ఎవరికీ నష్టం లేదు. కాని ఆ కారు మూడు చేతులు మారేసరికి ఆ మాట ఎక్కడో రాలిపోతుంది. నాలుగో యజమాని దానిని అసలైనదని నమ్మి ఎన్నో రెట్లు పోసి కొంటాడు. ఇంకా దిగజారినవారు నంబర్లే చెరిపి కొత్తవి కొడతారు. ఆ దెబ్బతో కొనేవాడి సొమ్ము పోతుంది. ఆ నంబరు గల అసలు కారు చరిత్రకూడా కలుషితమవుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. తాళపత్ర ప్రతిని చూసి రాసే లేఖకుడు ఆకు విరిగినచోట తనకు తోచిన మాట వేసేవాడు. కాస్త కవిత్వం వచ్చినవాడైతే సొంతంగా ఒక పద్యమే కలిపేవాడు. దీనినే ప్రక్షిప్తం అంటారు. ప్రక్షిప్తం ఒక్కొక్కసారి మూలంకన్న బాగుంటుంది కూడా. దానిమీద వుండే ఫిర్యాదు బాగా లేదని కాదు, తాను ఎవరో చెప్పకుండా పక్కవాడి పేరుతో కూర్చున్నదని. మంచి పరిష్కర్త ఆకు విరిగినచోట చుక్కలు పెడతాడు. పాఠాంతరాలను పుట అడుగున చూపుతాడు. కారులో ఈ చుక్కలు పెట్టటం ఎట్లాగో నేర్చుకోవటమే జీర్ణోద్ధరణలోని అసలు విద్య.

కత్తిరించేవారి వాదం

ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టి అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడిన మాగ్నస్ వాకర్ అనే ఆయన పాత 911 కార్లను తన ఇష్టప్రకారం మార్చుకుని పేరు తెచ్చుకున్నాడు. ఆయన మీద 2012లో ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. జపానులో అకిరా నకాయి అనే ఆయన మరీ ధైర్యవంతుడు. రంపం పుచ్చుకుని స్వహస్తాలతో మడ్‌గార్డులు కోసి, వెడల్పాటి కొత్తవి బిగిస్తాడు. కాలిఫోర్నియాలో రాబ్ డికిన్‌సన్ 2009లో సింగర్ అనే సంస్థను ప్రారంభించాడు. ఈ సంస్థవారు 1989 నుంచి 1994 దాకా వచ్చిన 911 కార్లను తీసుకుని, చాలా రేకుల స్థానంలో కార్బన్ ఫైబర్ బిగించి, చూడటానికి అంతకుముందు తరం కారులాగా వుండేటట్లు దిద్దుతారు. కొత్తదానికి పాతవేషం!

వీరి పక్షాన చెప్పే వాదం ఇది: 911 లక్షలలో తయారైంది. అన్నీ మ్యూజియంలో పెట్టవలసినవి కావు. ఈ కారు పందెపు మైదానంలో పెరిగింది. అక్కడ ప్రతి శనివారం రాత్రీ ఏదో ఒకటి మార్చి ఆదివారం పరుగెత్తించారు. మార్పే దీని సంప్రదాయం. పైగా అద్దాలపెట్టెలో పెట్టి ధర పెరిగేదాకా కాచుకునేవాడికంటే, మార్చుకునైనా రోజూ నడిపేవాడే దానిని ప్రేమించినవాడు.

ఈ మాటలను కొట్టిపారేయలేము. కాని ఒక తేడా గమనించాలి. తీసి దాచుకోగలిగిన మార్పు వేరు. కోసిన రేకు వేరు. సీటు మార్చి పాతది అటకమీద పెట్టవచ్చు. చక్రాలు మార్చి పాతవి దాచవచ్చు. మడ్‌గార్డు కోసినాక తిరిగి అతికినా అది అతుకే. పది లక్షలలో ఒకటైన మామూలు కారును కోస్తే పోయేది కొద్ది. వందలలో మిగిలిన కారును కోస్తే పోయేది అందరి సొత్తు. కత్తి ఎత్తేముందు ఇది ఏ కారో తెలుసుకోవటం కత్తిపట్టినవాడి బాధ్యత. 57వ నంబరు కారును ఆ కొట్టంలో ఎవరైనా నంబరు చూడకుండా కోసివుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

చట్టం ఏమంటుంది?

జర్మనీ ప్రభుత్వం ఈ తగవులో ఒక మధ్యేమార్గం వెతికింది. 1997 నుంచి అక్కడ 30 ఏళ్లు నిండిన కార్లకు నంబరుపలక చివర "హెచ్" అనే అక్షరం ఇస్తున్నారు. చారిత్రకమని దాని అర్థం. ఆ అక్షరం వుంటే కారు ఇంజను పెద్దదైనా చిన్నదైనా సాలుకు 191 యూరోల 73 సెంట్ల పన్ను. పరీక్షకుడు వచ్చి కారు మంచి స్థితిలో వున్నదా, చాలావరకు అసలు రూపంలో వున్నదా అని చూస్తాడు.

మార్పులన్నిటినీ చట్టం తోసివేయలేదు. కారు రోడ్డెక్కిన తొలి పదేళ్లలో జరిగిన, లేదా ఆ కాలంలో వాడుకలో వున్న మార్పును ఒప్పుకుంటుంది. మార్పు జరిగి 30 ఏళ్లయినట్లు రుజువుంటే దానినికూడా ఆలోచిస్తుంది. అంటే మన 1965 కారుకు 1967లో వెబర్ బిగిస్తే అది చరిత్రలో భాగం. అదే కారుకు నిన్న తెచ్చిన కంప్యూటర్ తెర బిగిస్తే అది కాదు. కోడలు పదేళ్లు కాపురం చేస్తే ఇంటి మనిషి అయినట్లు, మార్పుకు కూడా కాలం గడిస్తే ఇంటిపేరు వస్తుందన్నమాట!

పాతకార్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ట్యూరిన్ పేరు మీద ఒక ధర్మశాసనం ఆమోదించింది. దానికి మూలం 1964లో వెనిస్‌లో కట్టడాల జీర్ణోద్ధరణకోసం రాసుకున్న శాసనం. 57వ నంబరు కారు తయారైన ఏడే ఇదికూడా పుట్టింది. వెనిస్ శాసనంలో ఒక మంచి సూత్రం వున్నది: ఊహ మొదలయ్యేచోట జీర్ణోద్ధరణ ఆగిపోవాలి. ఆధారం దొరికినంతవరకే దిద్దాలి. కొత్తగా చేర్చింది కొత్తదని తెలియాలి. గుడిగోపురానికి రాసిన ఈ నియమం కారు మడ్‌గార్డుకు కూడా సరిగా అతికింది.

ప్రాణానికి సంబంధించినవి

అసలుతనం మీద భక్తి ముదిరి ప్రాణంమీదికి తెచ్చుకోవటం కూడా వున్నది. పాత పెట్రోలు గొట్టాల రబ్బరు ఎండి పగులుతుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ దానిని మరింత త్వరగా చెడగొడుతుంది. ఇంజను వెనుక వేడిలో ఒక చుక్క కారితే కారంతా మంటలపాలు. "ఇది 1965 నాటి గొట్టం" అని మురిసిపోవలసినచోటు కాదు. గొట్టాలు, బ్రేకులు, టైర్లు, బెల్టులు మనుషుల ప్రాణాలకు సంబంధించినవి. ఇవి మార్చటంలో వాదమే వుండకూడదు.

ఇంజను ప్రాణానికి సంబంధించిన మార్పులు కొన్ని వున్నాయి. 911 ఇంజనులో కవాటాలను నడిపే గొలుసులు రెండు. అవి వదులుకాకుండా బిగించి పట్టుకునే పరికరం పాత కార్లలో బలహీనమైనది. అది చెడితే గొలుసు జారి, కవాటాలు పిస్టన్లకు తగిలి, ఇంజను ధ్వంసమవుతుంది. 1984 మోడలులో కార్ఖానావారు ఇంజను ఆయిలు ఒత్తిడితోనే బిగువు నిలిచే కొత్త పరికరం పెట్టారు. దానిని పాత ఇంజన్లకు కూడా బిగించవచ్చు. బిగిస్తే పైకి రెండు ఆయిలు గొట్టాలు కనపడతాయి; అసలు రూపం ఆ మేరకు చెడుతుంది. కాని ఇంజను బతుకుతుంది. నంబరు కలిసిన ఇంజను పగిలిపోతే కలిసే జాతకం ఏమి మిగిలింది? కాబట్టి కొన్ని మార్పులు అసలుతనాన్ని చెరపకపోగా దానిని కాపాడతాయి.

లెక్క రాసిపెట్టాలి

ఇంత తర్జనభర్జన తరువాత, పాత కారు చేతికి వచ్చినవాడు ఏమి చేయాలి? మెకానిక్కు సుత్తి తీయకముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఈ రకం కార్లు లోకంలో ఎన్ని మిగిలాయి? చేయబోయే పనిని రేపు ఇంకొకరు వెనక్కు తీసుకోగలరా? ఈ రూపానికి ఆధారం వున్నదా, ఊహేనా? తీసిన భాగాలు ఎక్కడ దాస్తాను?

ఆపైన ఒక నోటుపుస్తకం కొనాలి. ఏ తేదీన ఏ రేకు కోశారు, ఏది ఏ కారునుంచి తెచ్చారు, పాత రంగు ఏమిటి, కొత్త రంగు ఏమిటి అన్నీ రాసి, ముందూ వెనుకా ఫోటోలు అతికించాలి. కారు అమ్మినప్పుడు పుస్తకాన్నికూడా తాళంచెవులతోపాటే ఇవ్వాలి. యథాతథంగా వుంచినవాడికైనా, పూర్తిగా మార్చినవాడికైనా ఈ విధి తప్పదు. బాతుతోక అతికించుకున్నవాడు కూడా ఆ సంగతి పుస్తకంలో రాస్తే అతనిని వేలెత్తి చూపటానికి ఎవరికీ హక్కు లేదు. ఏమీ రాయకుండా సోలెక్స్ కార్బ్యురేటర్లు తెచ్చి బిగించి "ఇవి పుట్టుకతో వచ్చినవే" అన్నవాడు మాత్రం, ఎంత శ్రద్ధగా చేసినా, తప్పు చేసినట్లే.

అరవై ఏళ్ల కారుకు ఇప్పటికే నలుగురైదుగురు యజమానులు మారివుంటారు. ఇప్పటివాడి తరువాతకూడా మరెవరో వస్తారు. నడుమ పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో దానిని చూసుకునేవాడు గుడికి ధర్మకర్తవంటివాడు. దీపం పెట్టటానికి, పగుళ్లు పూడ్చటానికి అతనికి అధికారం వున్నది. కావాలంటే కొత్త మండపం కూడా కట్టించవచ్చు. శాసనం మాత్రం చెరపకూడదు. తాను కట్టించింది ఏదో, ఏనాడో ఇంకొక రాయిమీద చెక్కించి పోవాలి.

మన ఇళ్లలోని కాసులపేరుకు, కర్రదూలాల ఇంటికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఈసారి కంసాలి వద్దకో వడ్రంగి వద్దకో వెళ్లేముందు ఒక ఫోటో తీసి, వెనుక రెండు మాటలు రాసి పెట్టుకోండి. ఖర్చు లేని పని.